కాంతి ఉత్ప్రేరకాలతో వ్యర్థజల శుద్ధి: ఉత్తర తెలంగాణ

వెలుతురు పడినప్పుడే పనిచేసే ఘనపదార్థాల సాయంతో నీటిలోని సేంద్రియ కాలుష్యాలను విరగ్గొట్టి, చివరికి కార్బన్ డయాక్సైడ్, నీరు, ఖనిజ లవణాలుగా మార్చే పద్ధతిని కాంతి ఉత్ప్రేరణ అంటారు. ఇందుకు ఎక్కువగా వాడేది టైటానియం డయాక్సైడ్. గోడల పెయింట్లకు తెల్లదనం ఇచ్చేది కూడా ఇదే. అద్దకపు రంగులు, పురుగుమందులు, యాంటీబయాటిక్‌లు, ఫినాల్‌లు వంటివి బ్యాక్టీరియాకు ఒక పట్టాన లొంగవు. వాటి మీద ఈ పద్ధతికి పట్టు ఎక్కువ. మురికి చిక్కగా ఉన్న నీటిలో వెలుతురు లోపలికి దిగదు కాబట్టి అక్కడ ఇది దాదాపు నిరుపయోగం.

పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016 అక్టోబరులో విడిపోయి కరీంనగర్, పెద్దపల్లి, జగిత్యాల, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ తదితర జిల్లాలయ్యాయి. నూలు అద్దకం, కాగితం మిల్లు, ఉప్పుడు బియ్యం మిల్లులు, పత్తి సాగు ఈ ప్రాంతపు ప్రధాన ఉపాధి వనరుల్లో కొన్ని. ఒక్కొక్కటి విడిచే నీటి స్వభావం ఒక్కో రకం. కాంతి ఉత్ప్రేరణ ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో ఆ తేడాలే చెబుతాయి.

చరిత్ర

టైటానియం డయాక్సైడ్ కలిసిన రంగులు ఎండకు వెలిసిపోతాయని 20వ శతాబ్దం తొలి దశకాల్లోనే గమనించారు. 1938లో గుడీవ్, కిచెనర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఈ పొడి సమక్షంలో రంగులు విరిగిపోయే తీరును కొలిచి చూపారు. అప్పట్లో దీన్ని పెయింట్ పరిశ్రమకు పట్టిన తెగులుగానే చూశారు. బయటి గోడకు వేసిన పాత పెయింటును చేత్తో రుద్దితే సున్నంలాంటి పొడి అంటుకోవడానికి ఒక కారణం ఇదే: ఎండలో తెల్లపొడి తన చుట్టూ ఉన్న జిగురునే తినేస్తుంది. అందుకే పెయింట్లకు వాడే రేణువులపై సిలికా, అల్యూమినా పూతలు పూసి వాటి చురుకును చంపేస్తారు. కాబట్టి రంగుల దుకాణంలో దొరికే తెల్లపొడి నీటి శుద్ధికి అక్కరకు రాదు.

1972లో జపాన్ శాస్త్రవేత్తలు అకిర ఫుజిషిమ, కెనిచి హోండా టైటానియం డయాక్సైడ్ ఎలక్ట్రోడ్‌పై అతినీలలోహిత కాంతి ప్రసరింపజేసి నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టినట్లు ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. చమురు సంక్షోభం ముంచుకొచ్చిన రోజులు కావడంతో ప్రపంచం చూపు హైడ్రోజన్ మీద పడింది. కాలుష్యం వైపు దారి వెంటనే తెరుచుకుంది. 1976లో కేరీ బృందం పాలీక్లోరినేటెడ్ బైఫినైళ్లను, 1977లో ఫ్రాంక్, బార్డ్ సయనైడ్‌ను ఇదే పద్ధతిలో విరగ్గొట్టారు. 1980లలో క్లోరిన్ కలిసిన ద్రావణులపై పరిశోధనలు పెరిగాయి. 1990ల నాటికి స్పెయిన్‌లోని అల్మేరియా సౌర పరిశోధన కేంద్రం ఈ పనిని ప్రయోగశాల బల్ల మీంచి ఆరుబయటి ఎండలోకి తెచ్చింది.

పనిచేసే తీరు

టైటానియం డయాక్సైడ్ అర్ధవాహకం. దాని ఎలక్ట్రాన్లు మామూలుగా కింది శక్తిపట్టీలో ఉంటాయి. పై పట్టీ ఖాళీ. రెంటి మధ్య దూరం అనటేజ్ అనే స్ఫటిక రూపంలో 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు, రూటైల్ రూపంలో 3.0. అనటేజ్‌లో ఎలక్ట్రాన్‌ను పైకి ఎగరేయాలంటే దాదాపు 388 నానోమీటర్ల కంటే తక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి, అంటే అతినీలలోహిత కిరణం తగలాలి. తగలగానే ఎలక్ట్రాన్ పైకి పోతుంది, కింద రంధ్రం మిగులుతుంది. అలా పుట్టిన జంటల్లో అత్యధికం క్షణంలో వేలవంతు కూడా గడవకముందే మళ్లీ కలిసిపోయి, అందిన శక్తిని వేడిగా వదిలేస్తాయి. ఈ పద్ధతి సామర్థ్యం తక్కువగా ఉండటానికి మొదటి కారణం ఇదే.

కలవకుండా ఉపరితలానికి చేరిన కొద్దిపాటి జంటలే పని జరుపుతాయి. రంధ్రం నీటి అణువు నుంచో, హైడ్రాక్సైడ్ అయాను నుంచో ఎలక్ట్రాన్ లాక్కుంటుంది. దాంతో హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. దీని ఆక్సీకరణ సామర్థ్యం సుమారు 2.8 వోల్టులు. ఓజోన్‌ది 2.07, క్లోరిన్‌ది 1.36. ఈ రాడికల్‌కు ఆయుష్షు చాలా తక్కువ. పక్కనున్న సేంద్రియ అణువు ఏదైనా సరే దాని మీద పడుతుంది. మరోవైపు ఎలక్ట్రాన్‌ను నీటిలో కరిగిన ఆక్సిజన్ అందుకోవాలి. అందుకోకపోతే అది తిరిగి రంధ్రంలో పడుతుంది. అందువల్ల తొట్టిలోకి గాలి ఊదడం ఈ పద్ధతిలో తప్పనిసరి.

పెద్ద అణువు ఒక్క దెబ్బకు కార్బన్ డయాక్సైడ్ అయిపోదు. మిథిలీన్ బ్లూ రంగు అణువు ఒకటి పూర్తిగా ఖనిజీకరణ చెందడానికి 25.5 ఆక్సిజన్ అణువులు కావాలి, అంటే 102 ఎలక్ట్రాన్ల బదిలీ జరగాలి. రంగు పోవడానికి మాత్రం అందులో కొద్ది భాగం చాలు. రంగునిచ్చే బంధం తెగితే నీరు తేటగా కనిపిస్తుంది, ముక్కలు మాత్రం నీటిలోనే మిగిలి ఉంటాయి. ఎజో అనే రకం రంగులు విరిగినప్పుడు మధ్యలో వచ్చే ఆరోమాటిక్ అమీన్‌లలో కొన్ని అసలు రంగు కంటే ప్రమాదకరమైనవి.

ఉత్ప్రేరక పదార్థాలు

టైటానియం డయాక్సైడ్‌లో పరిశోధకులు కొలబద్దగా వాడేది పీ25 అనే వాణిజ్య పొడి. అందులో సుమారు 80 శాతం అనటేజ్, 20 శాతం రూటైల్ ఉంటాయి. రేణువు దాదాపు 20 నానోమీటర్లు, గ్రాముకు ఉపరితల వైశాల్యం 50 చదరపు మీటర్లు. ఇది చవక, నీటిలో కరగదు, విషం కాదు, ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. అసలు లోపం ఒక్కటే: నేలకు చేరే సూర్యకాంతిలో అతినీలలోహిత భాగం 3 నుంచి 5 శాతమే. మిగతా ఎండంతా దీనికి వృథా.

ఆ వృథాను తగ్గించేందుకు చాలా దారులు తొక్కారు. 2001లో జపాన్‌కు చెందిన అసాహి బృందం టైటానియం డయాక్సైడ్‌లో నైట్రోజన్ చొప్పించి దృశ్యకాంతిలో పనిచేయించింది. టంగ్‌స్టన్ ఆక్సైడ్, బిస్మత్ వనడేట్ సహజంగానే నీలి కాంతిని పీల్చుకుంటాయి. జింక్ ఆక్సైడ్ చురుకైనదే కానీ కాంతికి, ఆమ్లానికి తానే కరిగిపోతుంది. కాడ్మియం సల్ఫైడ్ దృశ్యకాంతిలో బాగా పనిచేసినా నీటిలోకి కాడ్మియం వదులుతుంది కాబట్టి శుద్ధికి తగదు.

2009 తర్వాత గ్రాఫైటిక్ కార్బన్ నైట్రైడ్ అనే లోహరహిత పదార్థం ముందుకొచ్చింది. దీని పట్టీల అంతరం 2.7 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే సుమారు 460 నానోమీటర్ల వరకు కాంతిని వాడుకోగలదు. యూరియాను మూతపెట్టిన మూసలో సుమారు 550 డిగ్రీల సెల్సియస్ వద్ద కాల్చి దీన్ని తయారు చేయవచ్చు. 2021లో ఉత్పత్తి మొదలుపెట్టిన రామగుండం ఎరువుల కర్మాగారం సామర్థ్యం ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా. కాబట్టి ఈ ప్రాంతంలో ముడిసరుకుకు కొదవ లేదు. అయితే కాల్చినప్పుడు యూరియాలో ఎక్కువ భాగం అమోనియా వంటి వాయువులై పోతుంది, మూసలో మిగిలే పొడి కొద్దిగానే ఉంటుంది.

వీటికి దగ్గరి చుట్టం ఫొటో-ఫెంటన్ పద్ధతి. ఇనుము లవణం, హైడ్రోజన్ పెరాక్సైడ్, ఎండ కలిస్తే అవే హైడ్రాక్సిల్ రాడికళ్లు చాలా వేగంగా పుడతాయి. ఇందుకు నీటి పీహెచ్ 2.8 దగ్గర ఉండాలి. ఆమ్లం పోయడం, మళ్లీ తటస్థం చేయడం, ఇనుప మడ్డి తీయడం అదనపు పనులు.

రియాక్టర్లు

పొడిని నీటిలో కలిపి తిప్పడం అన్నిటికంటే సులువు, వేగం కూడా ఎక్కువ. చిక్కు తర్వాత వస్తుంది. 20 నానోమీటర్ల రేణువులు ఇసుక వడపోతలో ఆగవు, వాటికి సూక్ష్మ పొరలు కావాలి. పొడిని గాజు పూసలపైనో, తేలికపాటి అగ్నిపర్వత శిల ప్యూమిస్ మీదనో, జియోలైట్‌లోనో అతికిస్తే వడపోత బాధ తప్పుతుంది. అయితే కాలుష్యం ఉపరితలం దాకా చేరడానికి సమయం పడుతుంది, వేగం తగ్గుతుంది.

ఆరుబయటి నమూనాల్లో ఎక్కువగా పరీక్షించినది సంయుక్త పరావలయ దర్పణాల వ్యవస్థ. గాజు గొట్టాల వెనక వంపు తిరిగిన అల్యూమినియం అద్దాలు ఉంటాయి. నేరుగా వచ్చే ఎండనే కాక మబ్బుల్లో చెదిరిన అతినీలలోహిత కాంతిని కూడా ఇవి గొట్టంలోకి మళ్లిస్తాయి. సూర్యుడి వెంట తిరిగే యంత్రం అక్కర్లేదు. వానాకాలంలో నెలల తరబడి మబ్బు కమ్మే గోదావరి లోయకు ఇది ముఖ్యమైన సుగుణం. ఖర్చు తగ్గించాలంటే వాలు పలకల మీద పలచగా నీరు జారే అమరికలు, లోతు తక్కువ కాలువ చెరువులు ఉన్నాయి. రాత్రిపూట కూడా నడవాలంటే అతినీలలోహిత ఎల్‌ఈడీలు పెట్టాలి, కరెంటు ఖర్చు భరించాలి.

ఉత్తర తెలంగాణలో వ్యర్థజలాలు

ఈ ప్రాంతపు నీళ్లన్నీ గోదావరికే చేరతాయి. మానేరు సిరిసిల్లను ఒరుసుకుంటూ మిడ్ మానేరు, లోయర్ మానేరు జలాశయాల్లోకి వస్తుంది. కరీంనగర్ పట్టణం తాగేది లోయర్ మానేరు నీళ్లే. శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ కూడా అక్కడికే వస్తుంది. ఎగువన హైదరాబాద్ పొలిమేరలోని పటాన్‌చెరు పారిశ్రామికవాడ గుండా పారే నక్కవాగు మంజీరలో కలుస్తుంది. మంజీర కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. ఆ దిగువనే బాసర, దాని తర్వాత శ్రీరాంసాగర్. ఎగువ పరిశ్రమలకూ ఈ జిల్లాల తాగునీటికీ ఉన్న నీటి సంబంధం ఇది.

సిరిసిల్ల అద్దకం: మరమగ్గాలను సిరిసిల్లలో సాంచాలంటారు. వాటిని నడిపించే చిన్న యజమానులు ఆసాములు. వేల సాంచాలున్న ఈ పట్టణంలో సైజింగ్, వార్పింగ్‌లతో పాటు నూలుకు రంగు వేసే డైయింగ్ యూనిట్లు కూడా ఉన్నాయి. పాలిస్టర్‌కు డిస్పర్స్ రంగులు, నూలుకు ప్రధానంగా రియాక్టివ్ రంగులు వాడటం వస్త్ర పరిశ్రమలో సాధారణం. రియాక్టివ్ రంగులో పదో వంతు నుంచి మూడో వంతుకు పైగా నూలుకు పట్టకుండా నీటిలోనే మిగిలిపోతుంది. రంగు పట్టడానికి లీటరుకు పదుల గ్రాముల ఉప్పు, ఆపైన సోడా యాష్ వేస్తారు. తొట్టి నీటి పీహెచ్ 10 నుంచి 11 దాకా ఉంటుంది.

కాంతి ఉత్ప్రేరణకు ఆ తొట్టి నీరు మూడు విధాల అడ్డు. మొదటిది చిక్కదనం. లీటరుకు 10 మిల్లీగ్రాముల మిథిలీన్ బ్లూ కలిపిన నీటిలోనే 664 నానోమీటర్ల ఎర్రకాంతి ఒక్క సెంటీమీటరు దాటేసరికి నూటికి ఒక వంతు కూడా మిగలదు. వాడేసిన రంగు తొట్టిలో అంతకంటే ఎన్నో రెట్ల రంగు ఉంటుంది. రెండోది విద్యుదావేశం. పీహెచ్ 6 నుంచి 7 దాటాక టైటానియం డయాక్సైడ్ ఉపరితలం రుణావేశం పొందుతుంది. రియాక్టివ్ రంగులు కూడా రుణావేశం కలవే కాబట్టి ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. మూడోది సోడా యాష్ నుంచి వచ్చే కార్బొనేట్. అది హైడ్రాక్సిల్ రాడికళ్లను బైకార్బొనేట్ కంటే 40 రెట్లకు పైగా వేగంగా మింగేస్తుంది.

మొదటి తొట్టి నీటిని ఉప్పుతో సహా విడిగా పట్టి, పీహెచ్ దించి, గడ్డకట్టించి, బ్యాక్టీరియాకు అప్పగించాక మిగిలే లేత రంగు నీళ్లకు, లేదా ఆఖరి జాడింపు నీళ్లకు మాత్రమే కాంతి ఉత్ప్రేరణ తగుతుంది. అప్పటికి కూడా ఉప్పు పోదు. కాంతి ఉత్ప్రేరణ లవణాలను ముట్టుకోదు. తమిళనాడులోని తిరుప్పూర్‌లో 2011 జనవరిలో మద్రాస్ హైకోర్టు అద్దకం యూనిట్లను మూసేయమని ఆదేశించాక అక్కడి పరిశ్రమ రివర్స్ ఆస్మోసిస్, ఆవిరి యంత్రాలతో చుక్క కూడా బయటికి వదలని పద్ధతి వైపు నడవాల్సి వచ్చింది. ఆ వివాదంలో పెద్ద సమస్య ఉప్పే. సిరిసిల్ల విషయంలో ఏ పథకం వేసినా ఈ అనుభవాన్ని పక్కన పెట్టడానికి వీల్లేదు.

కాగజ్‌నగర్ కాగితం: నిజాం పాలనలో 1938లో ఏర్పడిన సిర్పూర్ పేపర్ మిల్లు 1942లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఆ మిల్లు పేరు మీదే ఊరు కాగజ్‌నగర్ అయింది. మిల్లుకు నీటి ఆధారం పెద్దవాగు, అది ప్రాణహితలో కలుస్తుంది. 2014లో మూతపడిన మిల్లును 2018లో జేకే పేపర్ సంస్థ తీసుకుని మళ్లీ నడిపించింది. వెదురు, కట్టె ఉడికించి గుజ్జు తీసే ఏ మిల్లులోనైనా నీటికి గోధుమరంగు తెచ్చేది లిగ్నిన్. గుజ్జును క్లోరిన్‌తో తెల్లబరిచే చోట సేంద్రియ క్లోరిన్ సమ్మేళనాలు పుడతాయి, ఇవి బ్యాక్టీరియాకు లొంగవు. గుజ్జు తీశాక మిగిలే నల్లద్రవాన్ని బాయిలర్‌లో కాల్చి రసాయనాలు తిరిగి రాబట్టుకోవడం పరిశ్రమలో పాత పద్ధతి. మిగతా నీటికి బ్యాక్టీరియా శుద్ధి ఉంటుంది. ఆ రెండూ అయ్యాక మిగిలే రంగు, క్లోరిన్ సమ్మేళనాలపై కాంతి ఉత్ప్రేరణ ప్రయోగశాలల్లో మంచి ఫలితాలే ఇచ్చింది. మిల్లు విడిచే నీటి పరిమాణం మాత్రం దానికి అందనంత పెద్దది.

ఉప్పుడు బియ్యం మిల్లులు: పెద్దపల్లి, సుల్తానాబాద్, జమ్మికుంట, కరీంనగర్ చుట్టుపక్కల మిల్లుల్లో వడ్లను నానబెట్టి ఆవిరి పడతారు. నానబెట్టిన నీరు పసుపురంగులో, పులిసిన కంపుతో బయటికి వస్తుంది. దాని రసాయనిక ఆక్సిజన్ అవసరం, అంటే సీఓడీ, లీటరుకు వేల మిల్లీగ్రాముల్లో ఉంటుంది. చూడ్డానికి భయంకరంగా ఉన్నా అందులో ఉన్నవి చక్కెరలు, పిండి, మాంసకృత్తులు. గాలి తగలని తొట్టిలో బ్యాక్టీరియా వాటిని తిని బయోగ్యాస్ ఇస్తుంది. ఇక్కడ కాంతి ఉత్ప్రేరకం పెట్టడం డబ్బు తగలేయడమే.

పత్తి చేల మందునీళ్లు: ఆదిలాబాద్ నల్లరేగడి నేలల్లో ప్రధాన పంట వానాధార పత్తి. ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులు, కలుపు మందులు పిచికారీ చేశాక డబ్బాలు, పంపులు కడిగిన నీళ్లు వాగు ఒడ్డునో బోరు దగ్గరో నేలపాలవుతాయి. పరిమాణం కొద్ది, విషం ఎక్కువ, బ్యాక్టీరియా దీనికి తట్టుకోలేదు, సీజన్‌లో మాత్రమే వస్తుంది. కాంతి ఉత్ప్రేరణకు సరిగ్గా అతికే లక్షణాలివి. స్పెయిన్‌లోని అల్మేరియాలో గ్రీన్‌హౌస్ సాగు నుంచి వచ్చే ఖాళీ మందు డబ్బాలను ముక్కలు చేసి కడిగిన నీటిని 2000ల దశకంలో సౌర ఫొటో-ఫెంటన్ పద్ధతితో వాణిజ్య స్థాయిలో శుద్ధి చేశారు. ఖాళీ డబ్బాలను ఒకచోట చేర్చే ఏర్పాటు ముందు ఉండటం వల్లే అది సాధ్యమైంది.

మందుల అవశేషాలు: 2007లో స్వీడన్ పరిశోధకుడు జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం విడిచిన నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రకటించింది. అది రోగి రక్తంలో చికిత్స సమయంలో ఉండే మోతాదును మించినది. బ్యాక్టీరియాను చంపే మందును బ్యాక్టీరియా తొట్టి అరిగించుకోలేదు, పైపెచ్చు ఆ తొట్టే మందులకు లొంగని సూక్ష్మజీవులకు పుట్టిల్లవుతుంది. ఇలాంటి నీటిని బయో శుద్ధికి ముందు ఆక్సీకరణతో విరగ్గొట్టాలనే వాదనకు ఆ అధ్యయనం బలమిచ్చింది. సిప్రోఫ్లాక్ససిన్ కాంతి ఉత్ప్రేరణకు బాగా లొంగుతుంది. యాంటీబయాటిక్ లక్షణానికి కీలకమైన భాగం తెగిన తర్వాత మిగిలే ముక్కలకు బ్యాక్టీరియాను చంపే శక్తి చాలావరకు పోతుంది.

తెలంగాణలో పరిశోధన

ఈ రంగంలో రాష్ట్రంలో ఎక్కువ పని జరిగినది హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో. ఎం. సుబ్రహ్మణ్యం, వి. దుర్గాకుమారి బృందాలు 2000ల తొలి దశకంలో ఫ్రాన్స్‌కు చెందిన పియెర్ బూల్‌తో కలిసి టైటానియం డయాక్సైడ్‌ను నీటిలో వదిలేయకుండా అతికించి నిలిపే పద్ధతులను పరిశీలించాయి. 2003లో ప్రచురించిన ఒక పరిశోధన ప్యూమిస్ రాళ్లపై అతికించిన ఉత్ప్రేరకంతో రంగులను, రంగుల పరిశ్రమ కాలుష్యాలను విరగ్గొట్టడంపై. అదే ఏడాది వచ్చిన మరొకటి హెచ్-యాసిడ్ మీద. అనేక ఎజో రంగుల తయారీలో వాడే ఈ మధ్యస్థ రసాయనం బ్యాక్టీరియాకు బొత్తిగా లొంగదు.

ఈ బృందమే 2004లో మరో సంగతి బయటపెట్టింది: అతికించిన ఉత్ప్రేరకాన్ని దీర్ఘకాలం వాడితే చురుకు తగ్గిపోతుంది. కొత్త పదార్థం తొలి వాడకంలో ఎంత బాగా పనిచేసిందో చెప్పే పత్రాలు కోకొల్లలు, వాడి వాడి అరిగాక ఏమైందో చెప్పేవి తక్కువ. పరిశ్రమకు కావాల్సింది ఈ రెండో రకం సమాచారమే. 2008లో ఐసోప్రొట్యూరాన్ అనే కలుపుమందును జియోలైట్‌లపై నిలిపిన టైటానియం డయాక్సైడ్‌తో ఎండలోనే విరగ్గొట్టిన ఫలితాలు ఇదే సంస్థ నుంచి వచ్చాయి. జియోలైట్ కాలుష్యాన్ని పీల్చి ఉత్ప్రేరకం పక్కకు చేరుస్తుంది కాబట్టి పలచని ద్రావణంలోనూ పని సాగుతుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర విభాగంలో ఎం. విఠల్ బృందం దృశ్యకాంతికి స్పందించే మిశ్రమ ఆక్సైడ్లపై పనిచేసింది.

ఎండ ఎంత, స్థలం ఎంత

రామగుండం ఎన్టీపీసీ జలాశయంపై 2022లో పూర్తయిన 100 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రం ఈ ప్రాంతంలో ఎండకు కరువు లేదని చెబుతుంది. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఉష్ణోగ్రత కూడా ఉత్ప్రేరకానికి ఇబ్బంది కాదు, అది 80 డిగ్రీల దాకా బాగానే పనిచేస్తుంది. లెక్క కుదరాల్సింది అతినీలలోహిత భాగం దగ్గర.

మంచి ఎండలో చదరపు మీటరుకు 30 వాట్ల అతినీలలోహిత కాంతి పడుతుందని సౌర శుద్ధి లెక్కల్లో తీసుకుంటారు. గంటకు అది దాదాపు 0.33 మోల్‌ల ఫోటాన్లు. నూటికి ఒక ఫోటాన్ పనికొచ్చిందనుకుంటే 3.3 మిల్లీమోల్‌ల ఎలక్ట్రాన్లు కదులుతాయి. ఒక్కో మిథిలీన్ బ్లూ అణువుకు 102 కావాలి కాబట్టి గంటకు పూర్తిగా ఖనిజీకరణ చెందే రంగు 0.032 మిల్లీమోల్‌లు, అంటే 10 మిల్లీగ్రాములు. రోజుకు ఆరు గంటల మంచి ఎండ దొరికితే చదరపు మీటరుకు 60 మిల్లీగ్రాములు.

చిన్న అద్దకం యూనిట్ ఒకటి బయో శుద్ధి తర్వాత లీటరుకు 10 మిల్లీగ్రాముల రంగు మిగిలిన నీటిని రోజుకు లక్ష లీటర్లు వదులుతుందనుకుందాం. పోగొట్టాల్సిన రంగు కిలో. అందుకు కావాల్సిన ఎండపట్టు దాదాపు 16,700 చదరపు మీటర్లు, అంటే నాలుగెకరాలు. సామర్థ్యం 5 శాతానికి పెరిగితే 33 గుంటలు చాలు. రంగు మాత్రమే పోతే చాలు, ముక్కలను బ్యాక్టీరియాకు వదిలేద్దామంటే ఇంకా తగ్గుతుంది. అదే పురుగుమందు డబ్బాలు కడిగిన నీరు రోజుకు 500 లీటర్లు, మందు లీటరుకు 20 మిల్లీగ్రాములు అనుకుంటే మొత్తం 10 గ్రాములే. అణువుకు కావాల్సిన ఎలక్ట్రాన్లు సుమారుగా అంతే అనుకున్నా 170 చదరపు మీటర్లతో, అంటే రెండు గుంటల లోపు స్థలంతో సరిపోతుంది.

ఎండకు బదులు దీపాలు పెడితే స్థలం మిగులుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. 2018లో మిక్లోస్ బృందం ప్రచురించిన సమీక్ష ప్రకారం ఘనమీటరు నీటిలో కాలుష్యాన్ని పదో వంతుకు దించడానికి ఓజోన్‌కు, అతినీలలోహిత-పెరాక్సైడ్ పద్ధతికి మధ్యస్థంగా ఒక యూనిట్ లోపు కరెంటు చాలు. దీపాలతో నడిచే కాంతి ఉత్ప్రేరణకు 100 యూనిట్లకు పైగా పడుతుంది. కాబట్టి ఉచితంగా దొరికే ఎండను వదులుకుంటే ఈ పద్ధతికి ఉన్న ఆర్థిక ఆధారం పోయినట్టే.

ఫలితాలను పరీక్షించడం

సరైన ప్రయోగంలో ముందుగా ఉత్ప్రేరకం కలిపిన నీటిని చీకట్లో అరగంట దాకా తిప్పుతారు. పొడి ఉపరితలానికి అంటుకునే రంగు అప్పుడే అంటుకుంటుంది. ఆ తర్వాత వెలుతురు పెట్టి, కొద్ది నిమిషాలకోసారి నమూనా తీసి, పొడిని సెంట్రిఫ్యూజ్‌లో వేరుచేసి, నీరు పీల్చే కాంతిని కొలుస్తారు. పొడి లేకుండా వెలుతురు, వెలుతురు లేకుండా పొడి పెట్టిన పోలిక ప్రయోగాలు కూడా జరపాలి. చీకటి దశను దాటేస్తే అంటుకున్న రంగు కూడా విరిగిన రంగు లెక్కలోకి వస్తుంది.

దృశ్యకాంతి ఉత్ప్రేరకాలను మిథిలీన్ బ్లూతో పరీక్షించినప్పుడు మరో పొరపాటుకు ఆస్కారం ఉంది. రంగు తానే కాంతిని పీల్చుకుని, ఎలక్ట్రాన్‌ను ఉత్ప్రేరకానికి ఇచ్చి, తనంతట తాను విరుగుతుంది. అలాంటప్పుడు ఉత్ప్రేరకం దృశ్యకాంతిలో పనిచేసినట్టు కాదు. రంగులేని ఫినాల్ వంటి పదార్థంతో కూడా పరీక్షిస్తే అసలు సంగతి తేలుతుంది. అలాగే రంగు తగ్గుదలతో సరిపెట్టకుండా మొత్తం సేంద్రియ కార్బన్‌ను, సీఓడీని కొలవాలి. భారత పర్యావరణ ప్రమాణాల ప్రకారం నదులు, వాగుల్లోకి వదిలే నీటిలో సాధారణంగా సీఓడీ లీటరుకు 250 మిల్లీగ్రాములు, జీవరసాయనిక ఆక్సిజన్ అవసరం 30 మిల్లీగ్రాములు మించరాదు. కాలుష్య నియంత్రణ మండలి చూసేది ఈ అంకెలనే.

స్థానం, పరిమితులు

మురుగునీటి శుద్ధి వరుసలో కాంతి ఉత్ప్రేరణకు రెండు చోట్లే స్థానం ఉంది. బ్యాక్టీరియాను చంపే విషం కొద్దిపాటి నీటిలో ఉన్నప్పుడు బయో తొట్టికి ముందు, బయో తొట్టి వదిలేసిన మొండి అవశేషాలు పలచని నీటిలో మిగిలినప్పుడు దాని తర్వాత. చిక్కటి నీటికి, ఉప్పునీటికి, సులువుగా కుళ్లే వ్యర్థాలకు దీన్ని పెట్టడం తప్పుడు ఎంపిక. ఈ ప్రాంతపు బావుల్లో సాధారణంగా ఉండే కాఠిన్యం, బైకార్బొనేట్ కూడా దీని వేగాన్ని తగ్గిస్తాయి. కాబట్టి స్వేదనజలంతో వచ్చిన ఫలితాన్ని ఇక్కడి నీటికి నేరుగా ఆపాదించకూడదు.

ఈ ప్రమాణాలతో చూస్తే ఉత్తర తెలంగాణలో మొదటి ప్రయత్నానికి అనువైనది ఆదిలాబాద్ పత్తి మండలాల్లో మందు డబ్బాలు, పంపులు కడిగే నీటి శుద్ధి. పరిమాణం చిన్నది, కావాల్సిన స్థలం గుంటల్లోనే ఉంది, పోటీకి చవకైన బయో పద్ధతి లేదు. సిరిసిల్లలో ఇది ఉమ్మడి శుద్ధి కేంద్రం చివర రంగు దించే మెట్టుగా మాత్రమే ఇమడగలదు, ఆ కేంద్రం ఉప్పు సంగతి ముందే తేల్చుకుని ఉంటేనే. కాగజ్‌నగర్ మిల్లుకు పరిమాణం దృష్ట్యా ఓజోన్ దగ్గరి దారి. ఉప్పుడు బియ్యం మిల్లులకు బయోగ్యాస్ తొట్టి చాలు.